గుమ్మం ముందు ఇరవై మూడు జతలు

వదినకు, గంగాప్రసాద్ రాసేది.

అల్ వక్రాలో అన్న ఉంటున్న ఇంటిని రేపు సాయంత్రానికల్లా ఖాళీ చేయమని నిన్న గురువారం ఉదయం తొమ్మిదింటికి చెప్పారు. అన్న క్షేమమే. ఫోన్‌లో నీకు చెప్పడు కాబట్టి, ఈ రోజే ఊరికి బయలుదేరుతున్న మతీన్ చేతికి ఈ కార్డు ఇస్తున్నాను.

రేవులో పనులు పెరిగాక ఆ పట్నంలో గదులు చాలడం లేదు. కుటుంబాలుండే వీధిలో ఒకే ఇంట్లో ఎక్కువమంది మగవాళ్ళు కలిసి ఉండకూడదు. అందుకే తనిఖీకి వచ్చిన అధికారితో అన్న, "ఆరుగురమే ఉంటం సార్" అన్నాడు. ఆ వేళ ఇంట్లో ఉన్నది ఆరుగురే. మిగిలినవాళ్ళు బూట్లు తొడుక్కుని డ్యూటీకి పోతూ చెప్పులు గుమ్మం ముందే విడిచిపెట్టారు. అధికారి వాటిని లెక్కపెట్టాడు.

"ఆరుగురికి ఇరవై మూడు జతలా?" అని హిందీలో అడిగాడు.

"ఎండలకు జల్ది అరుగుతయి సార్" అన్నాడు అన్న.

అధికారి నవ్వాడు. నవ్వుతూనే నోటీసు రాశాడు.

నీ తమ్ముడు భూమేష్‌కు టికెట్ ఇప్పుడే తీయించకు. అన్న పక్కన పడుకోవచ్చనుకున్న చోటు ఇక లేదు. అమ్మ కంటికి కట్టు విప్పారా? మతీన్ తిరిగి వచ్చేటప్పుడు అన్న బీపీ గోళీలు పంపు. అమ్మకు దండాలు, పిల్లలకు దీవెనలు.

రేపు అన్నను ఉమ్ ఘువైలినాలోని నా గదికి తెస్తాను. రెండు రోజులకే మా ఓనర్ ఒప్పుకున్నాడు. అన్న కంపెనీ పనివాళ్ళుండే క్యాంప్‌లో పదిహేను మంచాలు ఖాళీగా ఉన్నాయి. అవి ఎవరికిస్తారో ఆదివారం ఉదయం ఆరింటికి గేటు దగ్గర పేర్లు చదువుతారు.