టాప్ గేరులో నాయన

2003 మే, మంగళవారం రాత్రి

నిద్ర పట్టడం లేదు. సాయంత్రం కంబదూరు నుంచి వస్తూ గుట్ట ఎక్కుతుంటే జీపు మళ్లీ నల్లపొగ కక్కి ఆగిపోయింది. తోలుతున్నది నాయనే.

కరువులో మేత లేక ఎద్దులను అమ్మి జీపు కొన్నాం గానీ, ఆయన ఇంకా ఎద్దులనే తోలుతున్నాడు. ఇంజను గట్టిగా మోగితే రొప్పుతోందనుకుంటాడు. అందుకే నడక వేగానికే టాప్ గేరు వేసేస్తాడు. అది దడదడలాడినా అట్లాగే లాగిస్తాడు. డీజిల్ నేరుగా సిలిండరులోకి చిమ్మే ఇంజను ఇది. ఆ నిదానానికి సరిగా మండక లోపలంతా మసి పడుతోంది. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లను ఇప్పటికే రెండుసార్లు విప్పి శుభ్రం చేయించాం.

"కింది గేరులో కాస్త పరిగెత్తించు నాయనా" అన్నాను.

"నోరు లేనిదాన్ని రొప్పిస్తే యాడ బతుకుతాదిరా?"

"అది ఎద్దు కాదు!" అని రోడ్డు మీదే అరిచాను. ఆయన దిగి బానెట్ మీద అరచేయి ఆనించి నిలబడ్డాడు.

నా భార్య లక్ష్మికి నెలలు నిండాయి. నొప్పులు వస్తే ఆ గుట్ట దాటే కల్యాణదుర్గం ఆసుపత్రికి పోవాలి. ఇంటికి వచ్చాక తాళం అడిగాను.

"నీ తోలుడు నాకి తెల్దా? కడుపుతో ఉండే బిడ్డను కుదుపుల్లేకుండా నేనే తీసకపోతా" అన్నాడు.

ఇప్పుడు వాకిట్లో జీపు పక్కనే మంచం వేసుకుని పడుకున్నాడు, అప్పట్లో ఎద్దుల దగ్గర పడుకున్నట్టే. తాళం ఆయన మొలతాడుకు ఉంది. లోపల లక్ష్మి నిద్రలో మూలిగినప్పుడల్లా నాకు ఆ గుట్టే కనబడుతోంది.