నావికుల సత్రంలో నాన్న సంతకం

అక్కా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. ఓడతోపాటు మునిగిపోయాడనుకున్న నాన్న బతికే ఉన్నాడు.

నేను పనిచేసే నావికుల ధర్మసత్రంలోని పాత సందర్శకుల పుస్తకాన్ని నిన్న అందరూ చూడ్డానికి బల్ల మీద పెట్టాం. ఒక ముసలాయన వచ్చి, పేజీలు తిప్పి, ఒక సంతకం మీద వేలు పెట్టి, "ఇది నాదేనమ్మా" అన్నాడు. చూస్తే నాన్న పేరు! తేదీ చూస్తే ఓడ మునిగిన మరుసటి ఏడాదిది.

"నేను మీ చిన్నకూతుర్ని" అనేసరికి ఆయన అక్కడే కూలబడిపోయాడు.

"బతికుండి ఇంటికెందుకు రాలేదు నాన్నా?"

"మీ అమ్మ తన తమ్ముణ్ణి నా చేతుల్లో పెట్టి ఓడెక్కించిందమ్మా. అలల్లో వాడి చెయ్యి జారిపోయింది. ఏ మొహం పెట్టుకుని రాను?"

బతిమాలి ఇంటికి తీసుకొచ్చాను. గుమ్మంలో ఆయన్ని చూసి అమ్మ కొయ్యబారిపోయింది. మామయ్య సంగతి విని ఆయన్ని నిలదీసింది.

"ఇద్దరిలో ఒక్కరైనా మిగిలితే చాలని కనపడ్డ దేవుడికల్లా మొక్కాను. మిగిలుండి కూడా రాలేదా?"

అని తలుపు వేసేసుకుంది. ఆయన వసారాలో కూర్చున్నాడు. అమ్మ లోపల తలుపుకి ఆనుకుని ఏడుస్తోంది. ఎవరి దగ్గర కూర్చోవాలో నాకు తెలియడం లేదు. వెంటనే బయలుదేరి రా.

నీ చెల్లెలు