ఆరు సీసాల ద్రాక్షరసం

లోవు,
12 సెప్టెంబరు 2007

ప్రియమైన చెల్లి శోభనకు, అక్క ఆశీస్సులతో.

నిన్న మంగళవారం. ఎప్పటిలాగే ఐదింటికి లేచి స్నానం చేసి, మందారాలు కోసి, దీపం పెట్టాను. చెరకు లారీలు లౌటోకా మిల్లు వైపు వరసగా పోతున్నాయి. ఎవరో తోట కాల్చినట్టున్నారు, ఆరేసిన తెల్లచీర నిండా నల్లటి మసి. మళ్లీ తడిపాను. అమ్మ వరండాలో పప్పులో రాళ్లు ఏరుతూ, తోట కాల్చిన వాళ్లను వదిలేసి నన్ను తిట్టింది. తమ్ముడు కమలేష్ నిలబడే చాయ్ తాగి పనికి పోయాడు. ఇల్లు సద్దుమణిగాక నీ ఉత్తరం చదివాను.

హోటల్ ఉద్యోగం మానేశావని, సువాలో ఇంట్లోనే ఉండి, నీకు వీలైన వేళల్లో హోటళ్లకు ద్రాక్షరసం అమ్మిపెడుతున్నావని రాశావు. ఫోనుంటే ఎక్కడి నుంచైనా ఈ పని చేసుకోవచ్చు కాబట్టి, లోవు వచ్చి అమ్మ దగ్గర ఉండనా అని అడిగావు. అమ్మ ఈ మధ్య నన్ను కూడా నీ పేరుతోనే పిలుస్తోంది. ఇంతకంటే ఏం రాయను? ఇంట్లో అందరినీ అడిగి చెబుతాను. నాకైతే సంతోషమే.

భజన మండలిలో నీ సంగతి చెప్పాను. బాలమ్మ, "మంచి పనే. వచ్చే వారం శుక్రవారం స్వామికి అభిషేకం కదా, చెల్లి దగ్గరే తెప్పించు" అంది. ఆరు సీసాలు బస్సులో పంపు.

నీ అక్క,
కౌశల్య


సువా,
18 సెప్టెంబరు 2007

ప్రియమైన అక్కకు, నమస్కారం.

పార్సెల్ విప్పగానే ముందు ఇది చదువు. సీసాల్లో ఉన్నది నిజమైన ద్రాక్షరసమే. ఇక్కడి దుకాణంలో కొన్నాను. స్వామికి ధైర్యంగా పొయ్యండి. కానీ అక్కా, నేను అమ్మేది అది కాదు. వైను.

ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు. ఫోనులో మనం హిందీయే మాట్లాడతాం. హిందీలో దానికి నాకు తెలిసిన మాట 'దారూ' ఒక్కటే. నాన్న తాగిన రమ్మునూ అమ్మ ఆ మాటతోనే తిట్టేది. తెలుగులో రాద్దామని పాత నిఘంటువు తీశాను. 'ద్రాక్షసారా' అని ఉంది. 'సారా' దగ్గర కలం ఆగిపోయింది. 'రసం' అని రాసేశాను. తెలియక కాదు, భయపడి.

నా పని ఇదీ. పొద్దున బట్టలు ఉతుక్కుని, రిసార్టుల వాళ్లకు ఫోన్లు చేస్తాను. చేపకు ఏది బాగుంటుంది, మాంసానికి ఏది, ఎంత చల్లగా ఇవ్వాలి, ఇవన్నీ చెబుతాను. సరుకు గోదాము నుంచి నేరుగా వాళ్లకే పోతుంది. నా దగ్గరికి వచ్చేవి నెలకు మూడో నాలుగో నమూనా సీసాలు. ఒక గుక్క నోట్లో తిప్పి ఉమ్మేస్తాను. మింగితే నాలుక పనిచేయదు. మధ్యాహ్నం నిద్ర వస్తే పడుకుంటాను, అడిగేవాడు లేడు. ఈ పని నాకు ఇష్టం అక్కా. వదిలి రమ్మంటే రాలేను.

నాన్న పోయిన రోజున, ఇక ఈ గడపలోకి సీసా రాకూడదని అమ్మ అన్న మాట నాకు గుర్తుంది. మీరు వద్దంటే సువాలోనే ఉంటాను. అలగను.

నీ చెల్లి,
శోభన


లోవు,
22 సెప్టెంబరు 2007

ప్రియమైన శోభనకు, దీవెనలతో.

నీ ఉత్తరం దేవుడి గదిలో రెండుసార్లు చదివాను. కోపం వచ్చింది. వైను అమ్ముతున్నందుకు కాదు, రసం అని రాసినందుకు. నీ మాట నమ్మి నేను మండలిలో అబద్ధం చెప్పినట్టయింది. అరగంట జపం చేశాక కోపం తగ్గింది.

నిన్న అభిషేకం బాగా జరిగింది. అయ్యాక బాలమ్మకు నిజం నేనే చెప్పాను.

"మురుగా! మరి స్వామికి పోసింది?" అంది.

"అది రసమే."

ఆమె కాసేపు చెంపలు వేసుకుని, తర్వాత గొంతు తగ్గించింది. "మా మనవరాలి పెళ్లి విందుకు ఏ వైను కావాలని హోటల్ వాళ్లు అడుగుతున్నారమ్మా. మాకేం తెలుసు? చెల్లి నంబరు ఇయ్యి."

సాయంత్రం అందరం వరండాలో కూర్చున్నాక నీ ఉత్తరం చదివి వినిపించాను. కమలేష్ రోజూలాగే మత్తు కోసం గిన్నె నీళ్లలో యంగోనా వేరుపొడి కలుపుతున్నాడు.

"అరే దీదీ, ఇది ఏం పెద్ద బాత్? నేను రోజూ చిప్పలు చిప్పలు యంగోనా తాగుతా. నన్ను ఎవరు వెళ్లగొట్టారు?" అన్నాడు.

"వెళ్లగొట్టాలనే ఉంది," అంది అతని భార్య షీలా.

అమ్మ నవ్వలేదు. "శోభన తాగుతుందా?"

"లేదమ్మా. నోట్లో పోసుకుని ఉమ్మేస్తుంది."

"ఉమ్మేదానికి పిలిచి పని ఇస్తారా?"

"రుచి చెప్పడానికమ్మా."

అమ్మ రోడ్డు వైపు తిరిగింది. "మీ నాన్న కూడా ఉమ్మి ఉంటే, ఈపాటికి ఇక్కడ కూర్చునేవాడు," అంది.

కమలేష్ చేతిలోని కొబ్బరిచిప్ప కింద పెట్టాడు.

ఆ తర్వాత నిర్ణయం అమ్మే చెప్పింది, మేం ఒప్పుకున్నాం. నువ్వు రావాలి. బయటికి తలుపున్న వెనక గది నీది. సీసాలు ఆ తలుపులోంచే రావాలి, లోపలి గడప దాటకూడదు. శుక్రవారం రుచి చూడడం ఉండదు. నాకు ఏది చెప్పినా ఉన్నదున్నట్టు చెప్పాలి, ఇది మాత్రం నా షరతు. రేపు కాక పై ఆదివారం నీ సామానుకు కమలేష్ క్యారియర్ బండి తీసుకుని వస్తాడు.

నీ రాక కోసం చూసే అక్క,
కౌశల్య