కంచురెక్కకు రెండో రెక్క

ఇబ్రహీంపట్నం,
సెప్టెంబరు 14, ఆదివారం.

తమ్ముడు పరమేష్‌కు,

అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ అమ్మ, బాపు, నేను ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ వేళకు ఇంత తింటున్నావని అనుకుంటున్నాను. అంతకంటే ఎక్కువ క్షేమం రాస్తే నువ్వు నమ్మవు.

నీ ఉత్తరం గురువారం అందింది. అమ్మ నాతో రెండుసార్లు చదివించుకుని, తలగడ కింద పెట్టుకుంది. అందులో నాలుగు సంగతులు అడిగావు. ఒక్కొక్కటే చెబుతాను, ఓపిక పట్టు.

అమ్మ మోకాలికి దవాఖానలో సూది వేశారు. గోడ పట్టుకుని నల్లా దాకా నడుస్తోంది. బాపు బొంగులూరు వెంచర్‌లో కాపలా పని మానేశాడు. అక్కడ ప్లాట్లు చూడడానికి వచ్చేవాళ్లు కూడా నీ గురించే అడుగుతున్నారట. ఇప్పుడు పొద్దంతా ఇంటి ముందు కూర్చుంటాడు. బెయిలు గురించి నువ్వు అడగలేదు కానీ చెబుతాను. మూడో దరఖాస్తు దసరా సెలవుల తర్వాత వేస్తానని శ్యామలమ్మ వకీలు అన్నది. ఆశ పెట్టుకోమని మాత్రం అనలేదు.

ఇక మన కంచురెక్క బొమ్మల పుస్తకాల మీద తీసిన సినిమా. నువ్వు భయపడ్డట్టే అయింది. దసరాకు విడుదల చేస్తున్నారు, పోయిన వారం ట్రైలర్ వచ్చింది. కంచురెక్కకు రెండు రెక్కలు పెట్టారు. అంతేకాదు, కంచురెక్క ఇప్పుడు మగవాడు. క్వారీలో కంకర కొట్టే మన రాజవ్వ, పేలుడులో ఎడమ చెయ్యి పోయి ఆ భుజానికి కంచు రెక్క మొలిచిన రాజవ్వ, సినిమాలో వాడి చెల్లెలు. మొదటి సగంలోనే చచ్చిపోతుందట. ముప్పై నాలుగు సంచికల్లో ఆమె ఒక్కసారి కూడా తిన్నగా ఎగరలేదు. ఉన్నది ఒక్క రెక్క కాబట్టి పక్కకు ఒరిగిపోయి, చుట్టూ తిరిగి, ఆలస్యంగా చేరేది. అప్పటికే ఎవరో ఒకరు పోయి ఉండేవాళ్లు. మిగిలినవాళ్లను మోసుకొచ్చేది. మనం ఆమెను ప్రేమించింది అందుకే కదా. తెర మీద వాడు ఎక్కడికైనా క్షణంలో చేరిపోతున్నాడు.

నీ సంచికలు భద్రంగా ఉన్నాయి. ట్రంకు పెట్టెలో వేపాకు వేసి పెట్టాను. ముప్పై ఐదోది రాలేదు, ఇక రాదట. గని లోపల రాజవ్వ చిక్కుకున్న చోటే కథ ఆగిపోయింది. మన జిరాక్స్ షాపు మిద్దె మీద ఆదివారాలు కూర్చునే పన్నెండు మందిలో ఇప్పుడు ఒక్కరూ రారు. వాట్సాప్ గ్రూపు మాత్రం నాలుగు వందలు దాటింది. మనతో మిద్దె మీద కూర్చునే ఎల్లా చనిపోయినప్పుడు రెండు రోజులు అందులో ఎవరూ ఏమీ రాయలేదు. మూడో రోజు మన్నెగూడ మౌనిక రెక్క రంగు సంగతి అడిగింది. నలభై మంది జవాబిచ్చారు. ఆ పిల్లను తప్పు పట్టను. ఆమె స్థానంలో ఉంటే మనమూ అదే చేసేవాళ్లం.

నాలుగో సంగతికి ముందు ఎల్లా వాళ్ల అమ్మ ఈదమ్మ వచ్చిన సంగతి చెప్పాలి.

మంగళవారం మధ్యాహ్నం, బస్టాండు దగ్గర చేపలు అమ్ముకుని, ఖాళీ గంపతో షాపులోకి వచ్చింది. కొడుకు పోయాక ఆమె మన గడప తొక్కడం అదే మొదలు. నేను లేచి నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను. ఆమె గంప కింద పెట్టి, సినిమాలో ఎల్లా కనబడుతున్నాడని బస్టాండులో పిల్లలు చెప్పారని అన్నది.

"నా ఫోన్ల రాదు. జర చూపియ్యి బిడ్డా."

ఎక్కడ కనబడతాడో నాకు తెలుసు. క్వారీల దగ్గర షూటింగ్ జరిగినప్పుడు ఎల్లా రెండు రోజులు పోయి, తనకు రెండు డైలాగులు ఇచ్చారని మిద్దె మీద అందరికీ చెప్పాడు గదా. నిజం నీకొక్కడికే చెప్పాడు. రెండు రోజులూ ఎండలో, రాళ్ల మధ్య శవంగా పడుకోబెట్టారని. నువ్వు ఇంటికి వచ్చి నాకొక్కదానికే చెప్పి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నావు.

ట్రైలర్‌లో పేలుడు తర్వాత ఆ రెండు రెక్కలవాడు శవాల మధ్య నడుస్తాడు. మూడో శవం ఎల్లా. ముఖం నిండా బూడిద. మూడు సెకన్లు. ఆ తల్లికి అది చూపించడానికి నాకు చెయ్యి రాలేదు. కానీ ఏమని కాదంటాను? చూపించాను. మళ్లీ పెట్టమన్నది. అయిదుసార్లు పెట్టించుకుంది. ఆరోసారి ఫోను తన చేతిలోకి తీసుకుని, ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"కడుపు కదులుతున్నది సూడు," అన్నది. "ఊపిరి బిగవట్టరాలే వానికి."

నేను చూశాను. నిజమే, కదులుతోంది.

సినిమా వస్తే చూస్తావా అని అడిగాను, ఏదో ఒకటి అడగాలని. ఎల్లా ఆమెకు మాట ఇచ్చాడట, పెద్ద అంబర్‌పేట్‌లో ఉండే మేనత్తను కూడా వెంటబెట్టుకుని ముగ్గురూ పోదామని. చదువు రాని అమ్మకు ఆ బొమ్మల పుస్తకాల కథ సినిమా అయితేనే అర్థమవుతుందని చెప్పేవాడట. మిద్దె మీద కూడా అదే వాదించేవాడు, నీకు గుర్తుండే ఉంటుంది. మనం వాణ్ణి సినిమావాళ్లకు అమ్ముడుపోయాడని అన్నాం.

ఆ తర్వాత ఆమె, నువ్వు ఉత్తరంలో అడిగిన మాటే అడిగింది.

"వాని మీద గా మాట రాసింది ఎవరో తెల్సిందా బిడ్డా? నీకు ఫోన్ల సంగతి ఎర్కనే గద."

'పాత పాఠకుడు' అనే పేరుతో ఎల్లా శవం వేషం సంగతి గ్రూపులో రాసింది ఎవరో కనిపెట్టావా అక్కా, అని నువ్వు రాశావు. ఆ రహస్యం నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదక్కా, అని కూడా ఆ కిందనే రాశావు. రెండు వాక్యాలూ పక్కపక్కనే ఉన్నాయి. అయినా నీకు నా మీద అనుమానం రాలేదు. అది చదివినప్పటి నుంచి నాకు అన్నం దిగడం లేదు.

అది రాసింది నేనే, తమ్ముడూ.

షాపులో పడి ఉన్న పాత సిమ్ము వేసి రాశాను. ఎందుకంటే ఏం చెప్పను? నా ఎడమ చెయ్యి సంగతి నీకు తెలుసు. చిన్నప్పుడు గడ్డి కోసే మిషన్లో పోయిన నాలుగు వేళ్లు. రాజవ్వ ఒంటి రెక్కతో ఒరుగుతూ ఎగురుతుంటే నేను కూడా ఎక్కడికో చేరుతున్నట్టే ఉండేది. ఆ ఆదివారం రెక్కల గురించి వాదన జరుగుతున్నప్పుడు ఎల్లా అందరి ముందూ, "ఒంటి రెక్క పిల్లను తెర మీద ఎవలు సూస్తరక్కా?" అన్నాడు. నన్ను ఉద్దేశించి అనలేదు. అని, అప్పుడే మర్చిపోయి, నాకు చాయ్ కూడా అందించాడు. నేను నవ్వుతూ తాగాను. సాయంత్రం షాపు మూసే ముందు రాశాను. రెండు డైలాగులు కాదు, రెండు రోజులు శవం వేషమని. శవానికి సినిమా మీద అభిప్రాయం ఎందుకని.

అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. నాకు సంతోషం వేసింది. అబద్ధం చెప్పను.

మర్నాడు పొద్దున ఎల్లా మిద్దె మెట్ల మీద నీ అంగీ పట్టుకున్నప్పుడు నేను పైన, తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. "నీకొక్కనికే చెప్పిన గదరా," అని వాడు ఏడుస్తున్నాడు. నీకు ఏమీ అర్థం కాక, విడువు, విడువు అంటున్నావు. నేను ఒక్క మాట అని ఉంటే వాడు నిన్ను వదిలేసేవాడు. నువ్వు తోసేవాడివి కాదు. రెయిలింగ్ లేని ఆ మెట్ల మీద నుంచి వాడు పడేవాడు కాదు. నేను తలుపు దగ్గర నుంచి కదలలేదు. పదకొండు రోజులు వాడు దవాఖానలో తెలివి లేకుండా ఉంటే, రోజూ పోయి గేటు దగ్గర నిలబడి వచ్చాను. లోపలికి ఒక్కనాడూ పోలేదు. కోర్టులో నువ్వు తల వంచుకుని నిలబడినప్పుడు కూడా నేను వెనక బల్ల మీదే కూర్చున్నాను.

ఈ ఉత్తరం నీకంటే ముందు జైలువాళ్లు చదువుతారు. చదవనీ.

ఈదమ్మకు చెప్పేశాను. ఆ ఫోను ఆమె చేతిలో ఉండగానే చెప్పాను. ఆమె ఫోను బల్ల మీద పెట్టింది. కొడుతుందేమోనని ఎదురుచూశాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నీ తమ్మునికి ఎర్కేనా?"

తెలియదన్నాను.

"ముందుగాల వానికి చెప్పు. ఏం ఎర్కలేక గాడ కూసున్నడు."

గంప ఎత్తుకుని రోడ్డు దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చింది.

"నా ఇంటి మొకాన రాకు," అని వెళ్లిపోయింది.

ఆమె చెప్పి ఉండకపోతే ఈ ఉత్తరం కూడా రాసేదాన్ని కాదేమో. నిన్న శ్యామలమ్మకు అంతా చెప్పాను. వాంగ్మూలం రాసుకున్నది. దీనితో నీ కేసుకు పెద్దగా ఒరిగేది ఉండకపోవచ్చని, తోసింది నువ్వే కాబట్టి ఆ మాట మారదని అన్నది. అయినా కోర్టులో చెబుతాను. అమ్మకు, బాపుకు ఈ ఉత్తరం పోస్టు చేసి వచ్చాక చెబుతాను. అమ్మ నన్ను ఇంట్లో ఉండనిస్తుందో లేదో తెలియదు.

నన్ను క్షమించమని అడగడానికి నాకు ముఖం లేదు. బుధవారం ములాఖత్‌కు వస్తాను. ఇనుప జాలీ అవతలికి నువ్వు రాకపోతే, టైము అయిపోయేదాకా కూర్చుని వెళ్లిపోతాను. మళ్లీ బుధవారం వస్తాను.

ఇట్లు,
అక్కా అని పిలవడం ఇక నీ ఇష్టానికి వదిలేసిన
అరుణజ్యోతి