ఘాటు రాని దిష్టి

అమ్మా,

నువ్వు చూడని నీ మనవరాళ్ళిద్దరూ ఈ రోజు ఇంటికొచ్చారు. నలభై దాటాక కానుపు, అదీ కవలలు, అదీ నెలలు నిండకుండానే. ఇన్నాళ్ళూ బ్రాడీపేట ఆసుపత్రిలో అద్దాల పెట్టెల్లో ఉన్నారు. ఊపిరితిత్తులు లేతవి, పొగ తగలనివ్వొద్దని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది.

గడప దాటామో లేదో, మా అత్తగారు ఎండుమిరపకాయలు, నిప్పుల కుంపటి తెచ్చారు.

"పిల్లలకి ఊపిరాడదండీ!"

"ఊరుకోవే, మేం పెంచలేదా పిల్లల్ని?"

మూఢనమ్మకాల మీద సభల్లో గొంతు చించుకునే నేను రాజీపడ్డాను. దిష్టి తిప్పనిచ్చి, కాల్చడానికి ఆవిణ్ణి వీధిలోకి పంపి తలుపులేశాను. తిరిగొచ్చి అడిగారు.

"లోపలికి ఘాటొచ్చిందా?"

"రాలేదు."

"చూశావా, ఎంత దిష్టి తగిలిందో!"

తలుపులేస్తే ఘాటెలా వస్తుంది? ఈ తర్కంతో ఎవరు గెలుస్తారు? అంత దిష్టికి ఒక్కసారి చాలదట, రేపు ఇంట్లోనే కాలుస్తారట.

గోదాములో మిరపకాయల తొడిమలు తీసీ తీసీ, ఆ ఘాటుకే దగ్గి దగ్గి పోయావు. మూతికి గుడ్డముక్క కూడా ఇవ్వని ఆ యజమాని మీద కోపం నాకింకా చల్లారలేదు.

నువ్వుంటే నాలా వాదించేదానివి కాదు. ఆవిడ ఎదురుగా కూర్చుని ఒక్కసారి దగ్గేదానివి.