జామగుజ్జు డబ్బాలు

పురుగుల ఆఫీసరమ్మగారికి, తోటలో ఎర డబ్బాలు కట్టే ముసలివాడు దండం పెట్టి రాసుకున్నది.

ఎదుటపడి చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను. పండ్లను కుళ్లబెట్టే ఈగలు జామ వాసనకు రావడం లేదని, రైతులు డబ్బాలు మాని మందే కొట్టుకోవాలని మీరు రాయబోతున్నారట. గుమస్తాగారు చెప్పారు. దయచేసి రాయకండమ్మా. తప్పు ఈగలది కాదు, నాది.

రెండు నెలల కిందటి జ్వరంతో నా ముక్కు పోయింది. ఏ వాసనా తెలియడం లేదు. "మీ ముక్కే మాకు యంత్రం, తాతగారూ" అని మీరు నలుగురిలో అన్నారు. ఆ తర్వాత ఈ మాట బయటపెట్టలేకపోయాను. రంగు చూసి పండ్లు ఏరి గుజ్జు చేశాను. మన తోట జామ మాగకముందే పసుపెక్కుతుంది. ఆరు వారాలూ డబ్బాలు ఖాళీగానే ఉన్నాయి.

నిన్న మా ఆవిడ ఆ గుజ్జు వాసన చూసింది. "ఇది పండా, కొయ్యముక్కా? దీనికోసం ఈగలెందుకొస్తాయి, మీకేమన్నా చుట్టాలా?" అంది.

ఈ ఉదయం ఆవిడ ఏరిచ్చిన పండ్లతో ఒక్క డబ్బా కట్టాను. నిచ్చెన దిగేలోపే మూడు ఈగలు వాలాయి. మధ్యాహ్నానికి లెక్క తప్పిపోయింది.

నన్ను పనిలో ఉంచినా, మాన్పించినా మీ చిత్తం. ఆ డబ్బా మాత్రం విప్పలేదు. సంతకం పెట్టే ముందు ఒక్కసారి వచ్చి చూడండి. చెట్టు దగ్గరికి రాగానే మీకు వాసన తెలుస్తుందని మా ఆవిడ చెప్పింది.