‘వయోభారం’ అనే అచ్చుతప్పు

చిరంజీవి మనవరాలికి అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ ఉన్నవాళ్ళం క్షేమం. ‘అందరం’ అని రాసి కొట్టేశాను.

తాతయ్యని నిమోనియా తీసుకుపోయిందని రాశావు. తప్పు. నిమోనియా ఆఖర్న వచ్చింది. ముందు వచ్చింది కోరింత దగ్గు. దాని విషం వల్ల తెల్లకణాలు రక్తంలో కుప్పలుగా ఉన్నా ఊపిరితిత్తుల్లోకి దిగలేవని నువ్వే కదా చెప్పావు? ఇంటినిండా కాపలావాళ్ళు, గదికి బయట గడియ. ఇక నిమోనియాకి అడ్డెవరు?

ఆ దగ్గుని తెచ్చింది ప్రెస్సు యజమాని బావమరిది. కళ్ళు తేలేసేలా దగ్గుతున్నవాణ్ణి తెచ్చి తాతయ్య బైండింగు బల్ల పక్కనే కూర్చోబెట్టారు. ఇదేమిటని తాతయ్య అడిగితే, “దగ్గితే కాగితాలు చిరగవులెండి” అన్నాడట యజమాని.

సరిగా తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. పగకి ఒంట్లో బలం కావాలి.

పోయిన వారం ఆ యజమాని తన ఖాతాదారులకి సంతాపం కార్డు వేయిస్తూ, ఎప్పటిలాగే ప్రూఫు దిద్దమని నాకే పంపాడు. ‘వయోభారంతో మరణించిన మా బైండరు’ అని ఉంది. ‘వయోభారంతో’ కొట్టేసి, ‘మా బల్ల దగ్గర అంటుకున్న కోరింత దగ్గుతో’ అని దిద్దాను. నేను దిద్దాక ఇంకొకరు చదవడం ఆ ప్రెస్సులో ముప్పై ఏళ్ళుగా లేదు. మూడొందల కార్డులూ పోస్టులో పడ్డాయి.

పరుగెత్తుకొచ్చాడు. “నా పరువు తీశారమ్మా.”

“నేనెక్కడ తీశాను బాబూ? వయోభారంతో పోయుంటుంది.”

“రుజువేది?”

అందుకే ఈ ఉత్తరం. కానీ ముందు ఒక మాట. మీ అమ్మకి కూడా చెప్పలేదు. దగ్గు పట్టుకున్న మూడోవారం, ఒకరోజు పొద్దున్నే తాతయ్య మంచం అంచున కూర్చుని, “ఇవాళ మానెయ్యనా?” అన్నారు. నేను అద్దాలు తుడుచుకుంటూ, “దగ్గుకి సెలవు పెడితే రేపు తుమ్ముకి పెన్షన్ అడుగుతారు, వెళ్ళండి” అన్నాను. నవ్వారు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. తగ్గాక చెప్పులేసుకుని వెళ్ళారు. యజమానిని వదలను. వదలనివాళ్ళ జాబితాలో ఉన్నది వాడు ఒక్కడే కాదు.

మీ ల్యాబులో తాతయ్య రిపోర్టు నకలు తీయించి, ముద్ర వేయించి, రిజిస్టరు పోస్టులో పంపు. రెండు పేజీలూ పంపు. రెండోదాంట్లో ‘మూడు వారాలుగా దగ్గు, పనికి వెళ్తూనే ఉన్నారు, భార్య చెప్పినది’ అని ఉంటుంది. నా మీద జాలితో అది తీసేయకు. మడత పడకుండా వెనక అట్ట పెట్టు.

ఇట్లు,
ఇంకా చల్లారని
మీ అమ్మమ్మ